గుడ్లకు పరీక్ష, నడుముకు మాత్రం గుడ్డి నమ్మకమా?

ఈసారి గూళ్ల ధర గురించి కాదు, నడుము గురించి రాస్తున్నాను.

పోయిన పంటలో నాలుగో జ్వరం లేచిన మూడో దినం. పురుగు బాగా మేస్తా ఉంది. తెల్లారి తోటలో ఆకు మోపు ఎత్తుతుంటే నడుము పట్టేసింది. తమ్ముడి కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూపించినాడు. మనిషిని పక్కకు పడుకోబెట్టి, ఒక తిప్పు తిప్పితే 'టక్' మంటుంది, ఆ మనిషి నవ్వుకుంటా లేచి పోతాడు. కైరోప్రాక్టిక్ అంట. "పది నిమిషాల పని పెద్దనాయనా" అన్నాడు.

టౌనులో అట్లాంటి చోటికే పోయినాను. నొప్పి ఎన్నాళ్ల నుంచి, కాలికి దిగుతుందా అని ఒక్క మాట అడగలేదు. తిప్పినారు, టక్ మంది. బస్సు ఎక్కేలోపే నడుములో కత్తి దించినట్టయింది, కుడి పిక్క దాకా జివ్వున లాగింది. ఫోన్ చేస్తే "మామూలేన్నా, రెండు దినాల్లో పోతుంది" అన్నారు.

పోలేదు. సర్కారు ఆస్పత్రి డాక్టరు కాలు పైకెత్తి చూసి, మోకాలి మీద తట్టి చూసి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నరాన్ని నొక్కుతోంది అన్నాడు. "తిప్పినందుకే వచ్చిందా, ముందే ఉన్నది ముదిరిందా అని చెప్పలేం. కానీ ముందు చూసి ఉంటే అట్లా తిప్పేవాళ్లు కారు" అన్నాడు. మూడు వారాలు నేను మోపు ముట్టలేదు. ఆ పంటంతా మా ఇంటామే, కోడలూ మోసినారు.

అందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. ఈ వైద్యం 1895లో అమెరికాలో పామర్ అనే ఆయన మొదలుపెట్టింది. చాలాకాలంగా ఉండే నడుము నొప్పికి చేతితో వెన్ను సర్దే పద్ధతిని కూడా ఒక దారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, వ్యాయామంతో పాటు. సర్దిన తరవాత ఒకటి రెండు దినాలు ఒళ్లు నొప్పులు రావడం కూడా మామూలే. అయితే ఆ 'టక్' శబ్దం ఎముక చోటుకు వచ్చిన గుర్తు కాదు. కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడే చప్పుడు అది. శబ్దం వచ్చిందని జబ్బు పోయినట్టు కాదు.

నా మాట ఒక్కటే. తల్లి చిలుకను మైక్రోస్కోపు కింద చూసి, పెబ్రిన్ లేదని తేల్చిన గుడ్లే మనం తెచ్చుకుంటాం. చూడని గుడ్లు ఊరికే ఇచ్చినా షెడ్డులోకి రానియ్యం. అట్లాంటి మనం, చూడకుండా అడగకుండా తిప్పే చేతికి వెన్నును ఎట్లా అప్పగిస్తాం? మొదట అడగాల్సింది వాళ్లు. అడగకపోతే లేచి వచ్చేయండి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు, చాన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లు, జ్వరంతో నడుము నొప్పి ఉన్నవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు డాక్టరు చూడకుండా ఆ బల్ల ఎక్కనే కూడదు. మెడ తిప్పడం ఇంకా జాగ్రత్త. అరుదుగానైనా మెడ రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

తిప్పించుకున్నా, తిప్పించుకోకపోయినా ఇవి గుర్తు పెట్టుకోండి. కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటికి రాకపోయినా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా, ఆ రాత్రే పెద్దాస్పత్రికి పోవాలి. తెల్లారి మేపు అయినాక పోదాంలే అనుకోవద్దు. ఆలస్యమైతే ఆ నరాల బలం మళ్లీ రాకపోవచ్చు. మామూలు పట్టు అయితే కొన్ని వారాల్లో చాలావరకు అదే తగ్గుతుంది. మంచానికి అతుక్కోకుండా మెల్లగా తిరగడమే మేలు.

ఇంకో మాట. వంద గుడ్ల పంటకు దాదాపు టన్ను ఆకు కావాలి. అందులో నూటికి ఎనభైకి పైగా ఆఖరి ఏడెనిమిది దినాల్లోనే. అంత బరువూ మన వెన్ను మీదే, ఎక్కువగా ఆడవాళ్ల వెన్ను మీదే పోతుంది. పెద్ద మోపు ఒకటి కాకుండా చిన్నవి రెండు కట్టండి. తోపుడు బండి పెట్టుకోండి. మోకాళ్లు వంచి ఎత్తండి. స్టాండు కింది అర మరీ నేలకు లేకుండా చూసుకోండి. కొమ్మల మేపు అయితే వంగే పని తగ్గుతుంది.

పంట పోతే ఇంకో నెలకు ఇంకో పంట పెట్టుకుంటాం. వెన్నుకు రెండో పంట లేదు.

మీకూ ఇట్లాంటిది జరిగి ఉంటే గ్రూపులో ఒక వాయిస్ పెట్టండి. ఇంకొకరి నడుము నిలబడుతుంది.