దేహం వ్యర్థమా?

2025 జనవరి 7వ తేదీన బస్తర్ జిల్లాలోని ఛింద్‌వాడ గ్రామానికి చెందిన ఒక క్రైస్తవ పాస్టరు కన్నుమూశారు. గ్రామ శ్మశానంలో ఆయనను ఖననం చేయడానికి గ్రామస్థులు కొందరు అభ్యంతరం తెలిపారు. సొంత పొలంలోనైనా అనుమతించవలసిందని కుమారుడు ముందు హైకోర్టును, ఆపై సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. ఈలోగా భౌతికకాయం జగ్దల్‌పూర్‌లోని మార్చురీలో ఉండిపోయింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు వెలువరించారు. సొంత పొలంలో ఖననానికి జస్టిస్ నాగరత్న సమ్మతించగా, క్రైస్తవులకు కేటాయించిన స్థలంలోనే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. అప్పటికే ఇరవై రోజులు గడచినందున, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించక, ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరంలోని కర్కపాల్ క్రైస్తవ శ్మశానంలో ఖననం జరిపించవలసిందిగా ఆదేశించారు.

రాయ్‌పూర్‌లో, మా మోవా ప్రాంతంలోనూ, ఆ వార్త చదివినవారు వేసిన ప్రశ్న ఒకటి ఉన్నది. “ఆత్మ పరలోకానికి చేరుతుందని కదా క్రైస్తవులు నమ్మేది! ఇక ఈ మట్టి కాయాన్ని ఎక్కడ పూడ్చితేనేమి?” ఇది ఎగతాళి ప్రశ్న కాదు. విచారకరమైన సంగతి ఏమంటే, క్రైస్తవులలోనే అనేకులు దీనికి సమాధానం చెప్పలేరు. వారిలోనూ ప్రబలంగా ఉన్న ఒక భ్రమే ఆ ప్రశ్నకు మూలం.

దేహం పంజరమనీ, ఆత్మ చిలుక అనీ, మరణంతో చిలుక ఎగిరిపోతుందనీ భావించడం మన దేశంలో ఎంత సహజమో, ప్రాచీన గ్రీసులోనూ అంత సహజం. ప్లేటో వర్ణించిన సోక్రటీసు ఆ ధీమాతోనే విషపాత్రను అందుకున్నాడు. కాని క్రైస్తవ సంఘాలు తరతరాలుగా వల్లించే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఆత్మ అమరత్వమన్న మాట లేదు. ఉన్నది శరీర పునరుత్థానం. మరణానికీ పునరుత్థానానికీ నడుమ ఆత్మ దేవుని సన్నిధిలో ఉంటుందని అధిక సంఖ్యాక సంఘాలు బోధిస్తాయి. అయితే అది మజిలీయే తప్ప గమ్యం కాదు. 1955లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆస్కార్ కుల్‌మన్ అనే బైబిలు పండితుడు సోక్రటీసు మరణాన్నీ యేసు మరణాన్నీ పక్కపక్కన నిలిపి ఈ భేదాన్ని వివరించినప్పుడు, ఆయనపై ఆగ్రహించినవారిలో క్రైస్తవులే ఎక్కువ.

ఈ భ్రమకు భాష కూడ కొంత బాధ్యత వహించవలసి ఉన్నది. ఆదికాండం రెండవ అధ్యాయంలో, దేవుడు మంటితో నరుని నిర్మించి ప్రాణవాయువు ఊదగా అతడు ‘జీవాత్మ’ అయ్యాడని తెలుగు బైబిలు చెబుతుంది. ఆ మాట వినగానే తెలుగు పాఠకునికి వేదాంతం స్ఫురిస్తుంది. మూలంలోని హీబ్రూ పదం ‘నెఫెష్’. దానికి కంఠం, ఊపిరి, ప్రాణం, ప్రాణి అనే అర్థాలున్నాయి. మొదటి అధ్యాయంలో చేపలకూ పశువులకూ అదే పదం వాడారు. నరునిలో ఒక ఆత్మను ప్రవేశపెట్టినట్లు అక్కడ లేదు. మన్నూ ఊపిరీ కలిసి నరుడే సజీవ ప్రాణి అయ్యాడని మాత్రమే ఉన్నది. అనువాదకులను నిందించి లాభం లేదు. ప్రతి భాషలోని పదాలకూ పూర్వజన్మ వాసనలు ఉంటాయి.

చనిపోయిన పసిపిల్లలు దేవదూతలవుతారన్న ఓదార్పు మాట కూడ ఇటువంటిదే. బైబిలు దృష్టిలో దేవదూతలు వేరొక సృష్టి. పునరుత్థానులు దూతలవంటివారని యేసు అన్నాడే కాని, మనుషులు దూతలుగా మారతారని అనలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ విశ్వాసం చెప్పేది, తన బిడ్డ తన బిడ్డగానే తిరిగి లేస్తాడని.

ఇక దీనికి సరిగ్గా విరుద్ధమైన భ్రమ మరొకటి. దేహం కాలి బూడిదైతే పునరుత్థానం ఉండదేమోనన్న భయమది. క్రీ.శ. 177లో గాల్ దేశపు లియాన్ నగరంలో క్రైస్తవులను చంపినవారు ఆ ఆశను కూడ చంపదలచి, శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారని చరిత్రకారుడు యూసేబియస్ వ్రాశాడు. అయినా ఆ హతసాక్షులకు పునరుత్థానం లేదని సంఘం ఏనాడూ తలచలేదు. కాథలిక్ సంఘం 1963లో దహనానికి అనుమతించింది. ఖననమే శ్రేష్ఠమని 2016లో మరల చెప్పినా, ఆ అనుమతిని తీసివేయలేదు. సముద్రంలో మునిగినవారినీ, అగ్నికి ఆహుతి అయినవారినీ తలచుకొని కుమిలే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

అయితే ఖననం కోసం అంత తపన దేనికి? 410లో రోము నగరం కొల్లగొట్టబడినప్పుడు ఎన్నో శవాలు అంత్యక్రియలకు నోచుకోలేదు. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని అగస్టీను ఇచ్చిన సమాధానం నేటికీ సరిపోతుంది. సమాధి లేనందువల్ల మృతులకు కలిగే నష్టం ఏదీ లేదనీ, అంత్యక్రియలు మృతులకు సాయం కంటె బ్రతికివున్నవారికి ఊరట అనీ ఆయన అన్నాడు. ఆ వెంటనే, అంతమాత్రాన దేహాన్ని తృణీకరించరాదనీ హెచ్చరించాడు. తండ్రి ధరించిన వస్త్రాన్నీ ఉంగరాన్నీ బిడ్డలు ఆప్యాయంగా దాచుకుంటారు. దేహం మనకు వస్త్రం కంటె ఎంతో దగ్గరిది కదా అన్నాడు.

కనుక, ఎక్కడ పూడ్చితేనేమి అన్న ప్రశ్నకు జవాబు ఇది: పరలోక ప్రవేశానికి ఏ స్థలమైనా ఒకటే. కాని తండ్రి దేహాన్ని తమవారి సమాధుల చెంత ఉంచాలని కోరే కుమారునికి అన్ని స్థలాలూ ఒకటి కావు.