ఆదివారం ఎవరిది?

ఆదివారం మధ్యాహ్నం శామీర్‌పేట చెరువు దగ్గర నిలబడి చూడండి. రోడ్డు కనిపించదు, కార్లే కనిపిస్తాయి. అల్వాల్, బొల్లారం, సికింద్రాబాదు నుంచి రాజీవ్ రహదారి మీదుగా ఒక వరస వస్తుంది. ఔటర్ రింగు రోడ్డు దిగి ఇంకో వరస వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ దాబాలు, తోటలు, రిసార్టులు. గేటుకు ఒక ఎడ్లబండి చక్రం ఆనించి, చూరుకు ఒక లాంతరు వేలాడదీసి, నులక మంచాలు వేసి 'పల్లె రుచులు' అని బోర్డు పెడతారు. పట్నం మనిషి ఆ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాటుకోడి పులుసులో జొన్నరొట్టె ముంచుకుని, "పల్లెటూరంటే ఇదీ!" అని మురిసిపోతాడు.

తినడం తప్పని మేము అనడం లేదు. వారమంతా పనిచేసిన మనిషి ఒక పూట పెండ్లాం పిల్లలతో బయటికి పోవాలి. నీళ్ళు చూడాలి, చెట్టు కింద కూర్చోవాలి, వేడివేడిగా నాలుగు ముద్దలు తినాలి. మేము అడిగేది ఒక్కటే. ఆ మంచం మీద కూర్చున్నవాడికి ఆదివారం ఉంది. ఆ మంచం కింద ఊడ్చేవాళ్ళకు ఉందా?

ఈ ప్రశ్న పుస్తకం చదివి పుట్టింది కాదు. కొన్నాళ్ళ కింద ఒక ఆదివారం మేము ఏడుగురం పంతుళ్ళం అటువైపు ఒక దాబాకు పోయినం. మాలో ఒకరికి ప్రమోషన్ వచ్చింది, విందు ఇస్తానన్నాడు. అందరం వాడల నుంచి వచ్చినవాళ్ళమే. మా ఇండ్లలో బడి ముఖం చూసిన మొదటి తరం మేమే. మా అమ్మానాయనలు హోటల్ బయట నిలబడి చాయ తాగినవాళ్ళు. అట్లాంటి మేము కుర్చీలేసుకుని కూర్చుని 'ఇది తే, అది తే' అంటుంటే లోపల ఒక చిన్న గర్వం ఉండనే ఉంది. అబద్ధమెందుకు?

బల్ల తుడవడానికి ఒక పిల్ల వచ్చింది. మాలో ఒకరిని చూసి ఆగిపోయింది. చేతిలో తడిగుడ్డ వెనక్కు దాచుకుని, "నమస్తే సార్" అన్నది. మా వాడి బళ్ళో ఎనిమిదో తరగతి. సోమవారం నుంచి శనివారం దాకా బళ్ళోనే ఉంటుంది కాబట్టి హాజరు పట్టీలో ఒక్క గీత పడదు, ఏ అధికారికీ కనిపించదు. ఆదివారం మాత్రం ఇక్కడ.

మేము లేచి వెనక్కు పోయినం. దాబా వెనక ఎట్లుంటదో మన వాళ్ళకు చెప్పనక్కర లేదు. బోరు దగ్గర బురద, బురదలో పీట, పీట మీద ఆ పిల్ల తల్లి. ఎదురుగా మనిషెత్తు అంట్లు. పొద్దున తొమ్మిదికి వస్తే రాత్రి పదకొండు దాటుతుందట. "ఆయితారం సెలవు ఉండదా చెల్లె?" అంటే నవ్వింది. "ఆయితారమే గద సార్ పని. ఆయితారం రాకుంటె మిగిలిన దినాలు గూడ రావద్దంటడు" అన్నది. ఆ పక్కనే ఒక ప్లాస్టిక్ కవరు. బల్లల మీద మిగిలిన రొట్టెలు, కూరలు ఏరి అందులో పెట్టినారు. పొయ్యేటప్పుడు ఇంటికి తీసుకపోవాలట. కూలిలో అదీ ఒక భాగమేనట.

తరవాత ఆమె ఇంకో మాట చెప్పింది. కార్లు నిలిపిన జాగ చూపించి, "అది మా మామ లావణి పట్టా సార్" అన్నది. సర్కారు ఇచ్చిన భూమి. కొడుకు జబ్బుకు అప్పు తెస్తే, అప్పు కింద ఒక కాగితం మీద వేలు పెట్టించుకున్నరట. మామ పోయిండు, కాగితం మిగిలింది.

యజమానిని అడిగినం. ఆయన కోపానికి రాలేదు. చాలా మర్యాదగా చెప్పిండు: "మీ వాళ్ళే గద సార్, సాయం చేసినట్టుంటదని పెట్టుకున్న."

మీ వాళ్ళే! మేము అంతకుముందు ఆయనకు మా కులం చెప్పలేదు. తల్లితో మాట్లాడిన తీరు చూసి కనుక్కున్నాడు. అప్పటిదాకా మేము 'సార్లం', గిరాకీలం. ఒక్క మాటతో మమ్మల్ని కుర్చీలో నుంచి లేపి ఆ బోరు దగ్గరికి పంపించిండు. పంపితే పంపిండు. మా జాగ ఏదో మాకు గుర్తు చేసినందుకు ఆయనకు దండం పెట్టాలి.

కులం ఎక్కడుంది అనేవాళ్ళకు

'ఇప్పుడు హోటళ్ళలో కులం ఎక్కడుందండీ? డబ్బుంటే ఎవరైనా కూర్చోవచ్చు' అనే పెద్దమనుషులు మనకు బాగా తెలుసు. వాళ్ళకు మేము చెప్పేది ఇది. రెండు గ్లాసులు ఉండేవి. ఒకటి లోపల, ఒకటి చూరుకు చెక్కి బయట. మనం మన గ్లాసు మనమే కడిగి మళ్ళా చూరులో పెట్టాలి. అది అబద్ధం కాదు. జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊరూరూ తిరిగి 2001లో ఇచ్చిన నివేదిక అంటరానితనం బతికే ఉందని సర్కారుకే చెప్పింది. తరవాత కాగితం కప్పు వచ్చింది. గ్లాసు కడిగే పని తప్పింది గనుక గొడవ కూడా తప్పింది. కప్పు మారింది గాని, కప్పు అందించే చెయ్యి ఎంత దూరం నుంచి అందిస్తుందో చూసినవాళ్ళకు తెలుసు.

దాబాలో కులం ముందు భాగానికి, వెనక భాగానికి మధ్య ఉంది. ముందు గల్లాపెట్టె, వెనక బోరు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడి కులం బోర్డు మీద ఉంటుంది. ఫలానా రెడ్డిగారి రుచులు, ఫలానా రాజుగారి పులావు, ఫలానా నాయుడుగారి బిర్యానీ, దొరగారి గడి భోజనం. కులం లేని దేశంలో కూర గిన్నెకు కులం పేరెందుకు? 'మాదిగోళ్ళ బోటి', 'మాలోళ్ళ తలకాయ కూర' అని ఒక్క బోర్డు పెట్టి చూడమనండి, ఆ రోడ్డు మీద ఎన్ని కార్లు ఆగుతాయో!

ఇంతా చేసి ఆ తలకాయ, ఆ కాళ్ళు, ఆ బోటి, ఆ నల్ల ఎవరి తిండి? ఊళ్ళో యాట తెగితే మెత్తటి మాంసం పెద్దిండ్లకు పోయేది. తల, కాళ్ళు, పేగులు మన దిక్కు వచ్చేవి. మన అమ్మలు ఆ పేగును పది నీళ్ళలో కడిగి, ఉప్పూ కారం తప్ప ఏమీ లేని ఇంట్లో దానికి రుచి పుట్టించినారు. జొన్నరొట్టె, అంబలి గతిలేని తిండి అని మనల్ని వెక్కిరించినారు. ఇవాళ అదే గతిలేని తిండి మట్టి మూకుట్లో పెట్టి దొరగారి పేరు మీద అమ్ముతున్నారు. వంట మనది, పేరు వాళ్ళది, అంట్లు మళ్ళీ మనవి.

మన తిండిలో వాళ్ళు పేరు మార్చి అమ్ముకోలేనిది ఒక్కటే ఉంది. పెద్దకూర. అది ఆ 'పల్లె రుచుల' పట్టీలో ఉండదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో మన పిల్లలు మా తిండి మా హక్కని పెద్దకూర పండుగ చేస్తే ఎంత గొడవ చేసినారో చూసినం. బోటికి చప్పట్లు కొట్టిన నోళ్ళే పెద్దకూరకు రాళ్ళెత్తుతాయి.

వినోదం మనకు చిన్న సంగతి కాదు

'ఎకరాల కోసం, ఉద్యోగాల కోసం కొట్లాడక దాబాలు, షికార్లు ఏమిటి?' అని మన కార్యకర్తలే కొందరు అడగవచ్చు. వాళ్ళకు బాబాసాహెబ్ బతుకులోంచే జవాబు చెబుతాం.

1934లో అంబేద్కర్, ఆయన తోటి కార్యకర్తలు సుమారు ముప్పయి మంది కలిసి ఎల్లోరా గుహలు చూడడానికి బయలుదేరినారు. దారిలో దౌలతాబాదు కోట. అప్పుడది నిజాం రాజ్యంలోనే ఉండేది. దుమ్ము కొట్టుకుపోయి వచ్చినారు. కోట గేటు దగ్గరి చెరువు నీళ్ళతో ముఖాలు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేసినారని కేకలు, గుంపు, తిట్లు. చివరికి కోట లోపలికి పోనిచ్చినారు గాని, ఎక్కడా నీళ్ళు ముట్టకుండా వెంట ఒక సిపాయిని పెట్టినారు. విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన మనిషి ఒక పూట షికారు పోతే జరిగిన సంగతి ఇది. ఆయన దాన్ని చిన్న సంగతి అని వదిలెయ్యలేదు, రాసిపెట్టినాడు.

చుండూరు మరిచిపోయినమా? అది ఎక్కడ రాజుకుంది? సినిమా హాల్లో. 1991 జూలైలో సినిమా చూస్తుండగా ఒక దళిత యువకుడి కాలు పెద్దకులం వాడికి తగిలిందని మొదలైంది. వాడను వెలేసినారు. ఆగస్టు 6న 8 మందిని నరికినారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మనవాడు పొలంలో వంగి ఉన్నంతసేపూ వాళ్ళకు కోపం రాదు. వాళ్ళ పక్క కుర్చీలో కూర్చుని నవ్వినప్పుడే వస్తుంది. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు అని పేరుపేరునా రాసి, అక్కడ కులం పేరుతో ఎవరినీ ఆపరాదని చెప్పింది. 1955 నాటి చట్టం అట్లా ఆపడాన్ని నేరం చేసింది.

ఇక ఆదివారం సంగతి. ఆదివారం సెలవు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లు కూలీలకు వారానికి ఒక రోజు సెలవు కావాలని ఏండ్లతరబడి కొట్లాడి 1890లో సాధించినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఎవరాయన? మహాత్మా ఫూలే సత్యశోధక సమాజ్ మనిషి. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు పనిగంటలు తగ్గించడానికి పాటుపడినవాడు అంబేద్కర్. అంటే ఇవాళ కారు వేసుకుని వచ్చే ప్రతి కుటుంబం అనుభవిస్తున్న ఆదివారం వెనక మన వాళ్ళ చెమట ఉంది. ఆ ఆదివారాన్ని సాధించిన జాతి పిల్ల ఆదివారం నాడే తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

మనల్ని మనం అడుగుదాం

వాళ్ళను అన్నది చాలు. మన మాట కూడా మాట్లాడుకుందాం. రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చి, కాలనీలో ఇల్లు కట్టి, ఆదివారం పిల్లలతో దాబాకు పోతున్న మన వాళ్ళు ఇవాళ వేలల్లో ఉన్నారు. పోవాలి. తల ఎత్తుకుని పోవాలి. కానీ బల్ల తుడిచే చెయ్యి ఎవరిదో చూస్తున్నామా? 'మీరేమిట్లు?' అని పక్కబల్ల వాడు అడిగితే మాట మారుస్తున్నాం. ఇంట్లో పెద్దకూర వండితే కిటికీలు మూస్తున్నాం. మేము కూడా ఆ పని చేసినవాళ్ళమే. ఆ రోజు ఆ పిల్ల తడిగుడ్డ దాచుకున్నట్టే మేమూ ఇన్నేండ్లు మా వాడను వెనక్కు దాచుకున్నాం.

కాబట్టి ఊరూరి సంఘాలకు, యువకులకు, ఉద్యోగులకు మేము చెప్పేది ఇది.

ఒకటి. మీ ఊరి పక్క దాబాల్లో, రిసార్టుల్లో మన వాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఎన్ని గంటలు చేస్తున్నారో రాసుకోండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం పనివాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు హక్కు, ఎక్కువ గంటలకు రెట్టింపు కూలి హక్కు. ఆదివారం పని ఉంటే సోమవారం సెలవు ఇయ్యాలి. ఒక్కరు అడిగితే పనిలోంచి తీసేస్తడు. ఇరవై మంది కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు పోతే వింటడు.

రెండు. 14 ఏండ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టరాదని 2016లో చట్టాన్ని సవరించినారు. ఆదివారం ఒక్కరోజే అన్నా అది నేరమే. 1098కి ఫోను చెయ్యండి. అయితే ముందు ఆ తల్లితో కూర్చుని మాట్లాడండి. పిల్లను బయటికి తెచ్చి తల్లి కూలి పోగొట్టే సంస్కరణ మనకొద్దు. తల్లికి కూలి పెరగాలి, పిల్లకు ఆదివారం రావాలి.

మూడు. కార్లు నిలిపే జాగలు, ఈత కొలనులు ఎవరి లావణి పట్టా భూముల్లో లేచినాయో పాత పహాణీలు తీసి చూడండి. అసైన్డ్ భూమి చేతులు మారితే చెల్లదని 1977లో చట్టం చేసిందే అందుకు. వేలిముద్ర కాగితాలకు భయపడకండి.

నాలుగు. మన మహిళా సంఘాలు అదే రోడ్డు మీద మన పేరుతో, మన వంటతో ఒక్క గుడిసె వెయ్యండి. బోర్డు మీద మన పేరే రాయండి. ఉద్యోగులారా, మీ ఆదివారం రూపాయి ముందు అక్కడ ఖర్చు పెట్టండి.

ఆ రోజు మేము ముందుపెట్టిన కూర ముట్టకుండా బిల్లు కట్టి లేచినం. అది గొప్పేమీ కాదు. మేము తినకపోతే అది ఆ ప్లాస్టిక్ కవరులోకి పోతుంది, లేదంటే జవహర్‌నగర్ చెత్తకుప్పకు పోతుంది. అక్కడ దాన్ని ఏరుకునేవాళ్ళూ పేదోళ్ళే. అలిగి లేచిపోతే ఏమీ మారదు. మళ్ళీ పోయినం, తల్లిని కలిసినం, ఆమెతో పనిచేసే తొమ్మిది మందిని కూర్చోబెట్టినం. అర్జీ రాసినం. ఇద్దరు సంతకం పెట్టినారు, ఏడుగురు వచ్చే వారం చూద్దామన్నారు. వచ్చే వారం మళ్ళీ పోతాం.

ఆ పిల్ల ఏదో ఒక ఆదివారం ఆ చెరువు దగ్గరికి చేతిలో గుడ్డ లేకుండా రావాలి. తల్లి పక్కన కూర్చుని, ఎవరో ఒకరు తెచ్చిపెడితే వేడివేడిగా తినాలి. తెచ్చిపెట్టిన మనిషికి కూడా ఆ వారంలో ఒక సెలవు రోజు ఉండాలి. మేము అడుగుతున్న ఆదివారం అదే.

జై భీం!