ఫోను ఇచ్చి గురువును తప్పిస్తారా?

ముప్పై రెండేళ్లు నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేశాను. నా బల్లమీద ఎప్పుడూ ఉండే వస్తువులలో ఊదారంగు సిరాపెట్టె ఒకటి. దరఖాస్తు పట్టుకుని వచ్చిన స్త్రీ బురఖాలో ఉందంటే చాలు, సంతకం వచ్చునో రాదో అడగకుండానే నా చేయి సిరాపెట్టె మూత తీసేది. ఒకసారి ఒకామె నా ముఖంలోకి సూటిగా చూసి, "నాకు పేరు రాయడం వచ్చు సార్" అన్నది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె నా సొంత సమాజపు స్త్రీ. ఆమెను గురించి నేనే అలా అనుకున్నప్పుడు ఇతరులను తప్పుపట్టే అర్హత నాకెక్కడిది? పదవీ విరమణ తర్వాత మా వీధిలో వయోజన స్త్రీలకు సాయంత్రపు తరగతి నడపడానికి పూనుకోవడానికి ఆ సిరాపెట్టే కారణమని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఆ తరగతికి చోటు కోసం, పలకల కోసం, ఒక ఉపాధ్యాయురాలి గౌరవ వేతనం కోసం నేను ఎక్కడికి వెళ్లినా ఈ మధ్య ఒకే సమాధానం ఎదురవుతున్నది. "ఇప్పుడంతా ఆన్‌లైన్ కదా! యాప్ ఉంది, వీడియోలు ఉన్నాయి. ఫోను లేని ఇల్లు ఎక్కడుంది? ఇంట్లో కూర్చునే నేర్చుకోమనండి." అధికారులూ ఇదే మాట అంటున్నారు, మన కమిటీ పెద్దలూ ఇదే మాట అంటున్నారు. పైసా ఖర్చు లేకుండా బాధ్యత దులుపుకోవడానికి ఇంతకంటే మర్యాదైన మార్గం ఇంకొకటి లేదు గనుక ఈ మాట ఇంత త్వరగా వ్యాపించింది.

నేను దూరవిద్యకు శత్రువును కాను. శత్రువునైతే కృతఘ్నుణ్ణే అవుతాను, ఎందుకంటే నా డిగ్రీ దూరవిద్య పెట్టిన భిక్ష. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్నది. ఇంటర్మీడియట్ గడప తొక్కని నాబోటివాడు అర్హత పరీక్ష రాసి అందులో చేరగలిగాడు. తెలుగులో అచ్చైన పుస్తకాలు ఇంటికి వచ్చేవి. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. అయితే ఆదివారం మాత్రం కళాశాలలోని అధ్యయన కేంద్రానికి పోయేవాళ్లం. అక్కడ ఒక అధ్యాపకుడు ఉండేవాడు. అర్థశాస్త్రంలో నాకు బోధపడని ముక్కను మా ఊరి సంతలో ఉల్లిగడ్డ ధరతో పోల్చి విప్పిచెప్పిన మనిషి ఆయన. పుస్తకాలు నాకు సమాచారం ఇచ్చాయి, ధైర్యం ఆయన దగ్గర దొరికింది. ఆ ఆదివారాలు లేకపోతే రెండో సంవత్సరంలోనే చదువు మానేసి ఉండేవాణ్ణి. నాతో చేరి ఆదివారాలు రానివాళ్లలో చాలామంది మానేశారు కూడా. ఇప్పుడు యాప్ పేరుతో తీసివేయజూస్తున్నది సరిగ్గా ఆ ఆదివారపు మనిషినే.

ప్రభుత్వ లెక్క చూద్దాం. గుమాస్తాకు లెక్కే ఆయుధం. 2022 నుంచి 2027 వరకు అయిదేళ్లకు కేంద్రం ప్రకటించిన నవభారత సాక్షరతా కార్యక్రమానికి, దానినే ఇప్పుడు ఉల్లాస్ అంటున్నారు, మొత్తం కేటాయింపు 1037.90 కోట్ల రూపాయలు. అక్షరాస్యులను చేయవలసినవారు 5 కోట్ల మంది. భాగించి చూడండి: ఒక మనిషికి సుమారు 207 రూపాయలు. ఏడాదికి కాదు, మొత్తానికి. ఒక పలక, ఒక వాచకం, రెండు నోటుపుస్తకాలు కొంటే మిగిలేదెంత? బోధించేవారికి జీతం లేదు, వారు స్వచ్ఛంద సేవకులు. కార్యక్రమం నడిచేది ప్రధానంగా ఆన్‌లైన్ పద్ధతిలో అని ప్రకటించిన నాడే చెప్పారు. అంతకుముందు 2009లో మొదలైన సాక్షర భారత్‌లో గ్రామానికి ప్రేరక్‌లైనా ఉండేవారు. వారికిచ్చినది అరకొర వేతనమే అయినా ఊరిలో ఒక మనిషి, ఒక కేంద్రం ఉండేవి. ఆ పథకం లక్ష్యంగా పెట్టుకున్న 7 కోట్ల మందిలో 1.2 కోట్ల మంది మైనారిటీలని విడిగా రాసుకున్నారు కూడా. 2018 మార్చితో అది ముగిసింది. కొత్త పథకపు పత్రంలోనూ మైనారిటీలకు ప్రాధాన్యం అన్న మాట ఉన్నది. మాట జీతం అడగదు కదా!

"మీ వాళ్ల అక్షరాస్యత సగటు కంటే ఎక్కువే, మీకెందుకు ప్రత్యేకంగా?" అని ఒక అధికారి నన్ను నిలదీశాడు. ఆయన అంకె తప్పు కాదు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతం. దేశం మొత్తం మీద తీసుకుంటే మాత్రం, సచార్ కమిటీ 2006లో ఎత్తిచూపినట్లు, ముస్లింలది 59.1 శాతం, దేశ సగటు 64.8. మరి మన రాష్ట్రంలో ఎందుకు తలకిందులైంది? ఇక్కడి ముస్లింలు ఎక్కువగా పట్టణవాసులు. పట్టణపు ముస్లింను పల్లెలతో కలిపిన సగటుతో తూచి, బాగున్నావు పొమ్మనడం తప్పుడు తూకం. అదే వీధిలో, అదే వార్డులో పక్కింటివారితో పోల్చి చూడండి, అప్పుడు మాట్లాడుదాం.

ఇక ఆ ఫోను సంగతి. ఇంట్లో ఫోను ఉన్నది, నిజమే. ఎవరి చేతిలో ఉన్నది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో 48.8, తెలంగాణలో 57.9. ఆ తరువాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కాని మా తరగతికి వచ్చే ఇరవైమూడు మందిలో సొంత ఫోను ఉన్నవారు తొమ్మిది మందే. మిగిలినవారి ఫోను భర్త జేబులోనో, కొడుకు చేతిలోనో ఉంటుంది. అది రాత్రి పది గంటలకు ఇల్లు చేరుతుంది. అప్పటికి ఆ తల్లికి కళ్లు మూతలు పడుతుంటాయి.

ఫోను దొరికిందే అనుకుందాం. అందులో ఏముంది? "అ అంటే అమ్మ" అంటూ గంతులేసే బొమ్మ. పెద్దవాళ్లకు చిన్నపిల్లల పాఠం చెప్పడం కంటే అవమానం లేదు. నేను కూడా మొదట ఆ తప్పే చేశాను. అల, వల, తల అని మొదలుపెట్టాను. నలభై అయిదేళ్ల ఆపా ఒకరు రెండో రోజు పుస్తకం మూసి నా ముందు పెట్టి, "భాయ్, ఇది మా మనవడి పుస్తకం. వాడికి ఇవ్వండి" అని వెళ్లిపోయింది. ఆమె దర్జీపని చేస్తుంది. వీధిలో సగం ఇళ్ల జాకెట్లు ఆమె చేతిమీదుగానే పోతాయి. ఎవరి కొలత ఏదో గుర్తుండడానికి గుడ్డముక్కలకు రకరకాల ముళ్లు వేసి దాచుకుంటుంది. నేను వాళ్లింటికి వెళ్లి ఆ ముళ్లు చూసి నోట మాట రాక కూర్చున్నాను. ఆమెకు చదువు లేదన్నదెవరు? తనకు తానే ఒక లిపి కనిపెట్టుకున్న మనిషి ఆమె. మరునాడు పాఠం మార్చాను. నడుము, భుజం, పొడవు, చేయి, కాజా, గుండీ. ఈ ఆరు మాటలతో మొదలుపెట్టాం. మూడు నెలలు తిరగకుండా ఆమె కొలతల పుస్తకం రాసుకున్నది.

ఇది నా తెలివి కాదు. బ్రెజిల్ దేశంలో పావులో ఫ్రేరే 1963లో ఆంజికోస్ అనే ఊరిలో మూడు వందల మంది శ్రామికులకు నలభై గంటల బోధనతో చదువు నేర్పిన పద్ధతి ఇదే. వారి బతుకులో నలిగే మాటను పట్టుకుని, దానిని గురించి వారిచేతనే మాట్లాడించి, ఆపైన దానిని అక్షరాలుగా విడదీయడం. ఇటుక మోసేవాడికి ఇటుక అన్న మాటే తొలిపాఠం. ఇటుక మోసేవాడు ఆ ఇల్లు ఎవరిదని అడగడం మొదలుపెడతాడు గనుకనే 1964లో సైన్యం అధికారం పట్టగానే ఫ్రేరేను జైలులో పెట్టి దేశం దాటించింది. అంత దూరం ఎందుకు? మన నెల్లూరు జిల్లాలో 1990 దశకం ఆరంభంలో అక్షరోద్యమం నడిచింది. వాచకంలోని సీతమ్మ కథ చదివి, సారాను గురించి చర్చించుకుని, దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ కథను ఆ స్త్రీలు ఒంటరిగా తెరమీద చూసి ఉంటే దుకాణం మూతపడేదా? పది మంది చాపమీద కూర్చుని "మా ఇంట్లోనూ ఇంతే" అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాఠం పుట్టింది అక్కడ.

మన స్త్రీల విషయంలో యాప్ తయారుచేసేవాడికి తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. జనాభా లెక్కలవారు ఏదైనా ఒక భాషలో అర్థంతో చదవడం, రాయడం రెండూ వచ్చినవారినే అక్షరాస్యులుగా రాసుకుంటారు. ఆ లెక్కన ఖుర్ఆన్‌ను నాజిరాగా ధారాళంగా చదివే తల్లి నిరక్షరాస్యురాలు. నిర్వచనంతో నాకు పేచీ లేదు. కాని ఆమె శూన్యం నుంచి మొదలుపెట్టడం లేదు. గుర్తుకు ధ్వని ఉంటుందని ఆమెకు తెలుసు. చిన్ననాడు ఖాయిదాలో "బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు" అని వల్లె వేసింది. తెలుగులో బ, బి, బు కూడా అదే కదా! జబర్ తలకట్టు, జేర్ గుడి, పేష్ కొమ్ము. ఈ మాట చెప్పిన రోజు మా తరగతిలో నవ్వులు ఆగలేదు. "చాచా, ఇంత తేలికా! ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదే" అన్నది ఒక అమ్మాయి. గుణింతం వారం రోజుల్లో పట్టుబడింది. ఇబ్బందల్లా దిక్కుతోనే. కుడినుంచి ఎడమకు అలవాటైన చూపు మళ్లడానికి కొన్నాళ్లు పడుతుంది, పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించాలి. వారిలో దూదేకుల కుటుంబాల స్త్రీలకు తెలుగు ఇంటిభాష, మిగిలినవారికి ఉర్దూ. ఇద్దరికీ ఒకే వీడియో ఎలా సరిపోతుంది?

సార్వత్రిక పాఠశాలల పేరిట జరుగుతున్నది మరీ ఘోరం. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ నిబంధనలు నిజానికి ఎంతో ఉదారమైనవి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవచ్చు, అయిదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్షకు కూర్చోవచ్చు, నెగ్గిన సబ్జెక్టు నెగ్గినట్టే ఉంటుంది. ముఖాముఖి తరగతులు పెట్టాలని కూడా ఉన్నది. మా వీధిలో భర్త వదిలేసిన ఒక అమ్మాయి అంగన్‌వాడీ ఉద్యోగానికి పదో తరగతి కావాలని ఒక అధ్యయన కేంద్రంలో చేరింది. రుసుము మీద మరింత గుంజుకున్నారు. తరగతులెప్పుడని అడిగితే, "ఫోనులో చూసుకో, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "చాచా, కాగితం వస్తుంది గానీ నాకు లెక్క రాదుగా. అంగన్‌వాడీలో పిల్లల బరువు ఎవరు రాస్తారు?" అని ఏడ్చింది. ఆ డబ్బు పోయింది. మా తరగతి ఉపాధ్యాయురాలే ఆమెకు రాత్రిళ్లు లెక్కలు చెప్పింది. మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. దూరవిద్య పేరుతో బోధనను దూరం చేసి ధ్రువపత్రాన్ని అమ్ముకునేవారి మీద ఈ పత్రిక పాఠకులైన కార్యకర్తలు ఎందుకు ఫిర్యాదులు పెట్టరు? ముఖాముఖి తరగతుల హాజరుపట్టీ చూపమని సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టండి. దానికి రుసుము పది రూపాయలు.

ఫోనును మేమూ వాడుతున్నాం. తరగతి అయ్యాక రాత్రి ఒక్కొక్కరు ఒక్క వాక్యం టైపు చేసి గుంపులో పెట్టాలని నియమం. అంతకుముందు వీళ్లంతా గొంతు రికార్డు చేసి పంపేవారు. "కూర మాడింది" అన్నది ఒకామె తొలి వాక్యం. దానికి పదిహేను మంది జవాబు రాశారు, సగం తప్పులతో. పగలు పలకమీద దిద్దినదానికి రాత్రి ఫోను సాన పడుతుంది. ఇంతవరకే దాని పని.

చివరిగా మన ఇంటి సంగతి. ఇది రాయడానికే ఎక్కువ ఆలోచించాను. ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక. మన మసీదులకు చలువరాయి వచ్చింది, ఏసీలు వచ్చాయి. షాదీఖానాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. సాయంత్రం రెండు గంటలు ఆ తాళం తీయమంటే, స్త్రీలు పోగవుతారని ఒకరు, కరెంటు బిల్లని ఒకరు. ప్రవక్త (స) సతీమణి హఫ్సా (రజి)కి రాత నేర్పినది షిఫా (రజి) అన్న స్త్రీ. అప్పటికి హఫ్సా (రజి) పసిపిల్ల కాదు. ఆ సంగతి జుమా ప్రసంగంలో చెప్పినప్పుడు "సుబ్‌హానల్లాహ్" అనేవారే షాదీఖానా తాళంచెవి అడిగితే ముఖం తిప్పుకుంటారు. నిరుడు వక్ఫ్ ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించవలసి వచ్చినప్పుడు ఎందరు ముతవల్లీలు తమ కాగితాలు తామే చదువుకోలేక నెట్ సెంటర్ల ముందు బారులు తీరారో చూశాం. చదువు అక్కర పెద్దమనుషులకు లేదని ఎవరనగలరు?

మా షాదీఖానా కమిటీ సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం. అసరు నుంచి మగ్రిబ్ వరకు హాలు, రెండు ఫ్యాన్లు, ఉపాధ్యాయురాలికి నెలకు మూడు వేలు. ఇది నా అర్జీ. ఇరవైమూడు సంతకాలతో పెట్టాను. అందులో వేలిముద్రలు రెండు. ఆ ఇద్దరు పోయిన వారమే తరగతిలో చేరారు.