జనం లేని ముఖ్యమంత్రి గతేమిటి?

మన సంఘం సంబరాల్లో భోజనాల వరుస దగ్గర ఏ నలుగురు నిలబడినా మాట చివరికి రాష్ట్ర రాజకీయాల మీదికి మళ్ళడం మామూలే. అందులో 1984 ఆగస్టు సంగతి రాకుండా ఉండదు. ఎన్.టి. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగి వెళ్ళిన కొద్ది రోజులకే జరిగింది కాబట్టి, ఇక్కడి పెద్దవాళ్ళకు అది ఇంటి విషయంలాంటిది. "చూశారా, జనం తలుచుకుంటే ఏమవుతుందో!" అని ముగిస్తారు. ఆ ముగింపుతోనే నాకు పేచీ.

జరిగిందేమిటి? ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్, శాసనసభలో బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వకుండానే రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణ స్వీకారం చేయించారు. జనం రోడ్ల మీదికి వచ్చారు. ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచవలసి వచ్చింది. ఢిల్లీ తీసుకువెళ్ళి రాష్ట్రపతికి చూపించవలసి వచ్చింది. గవర్నరు మారారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

గొప్ప ఘట్టమే, కాదనను. కాని ఆయన స్థానంలో తెర మీద ఎన్నడూ కనబడని, ఉపన్యాసం సరిగా రాని ఒక మామూలు ముఖ్యమంత్రి ఉండి ఉంటే? సభలో మెజారిటీ ఆయనకూ అంతే ఉన్నా, ఆయన కోసం ఎవరు బంద్‌లు చేస్తారు? న్యాయం తన వైపు ఉంటే చాలలేదు, జనాకర్షణ కూడా కావలసి వచ్చింది. బలం తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో సుప్రీంకోర్టు కర్ణాటకకు చెందిన బొమ్మై గారి కేసులో స్పష్టంగా చెప్పింది. నా లెక్కలో 1984 ఉద్యమం కంటే ఆ తీర్పే విలువైనది. దానికెవరూ కటౌట్ కట్టలేదు, కట్టరు కూడా.

ఇక 1995. అదే నాయకుడు, అదే ఆకర్షణ. 1994 డిసెంబరులో బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచారు. ఏడాది తిరగకుండానే ఆయన ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అల్లుడు చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్ళారు. ఈసారి 1984 నాటి జనం వీధుల్లో కనబడలేదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టమూ అడ్డుపడలేదు, మూడోవంతు మంది కలిసి వెళితే అది చీలిక అని సరిపెట్టుకుంది కనుక. (ఒకడు దూకితే తప్పు, గుంపుగా దూకితే ఒప్పు! ఆ వెసులుబాటు 2003లో గాని పోలేదు.) తప్పెవరిది అనే చర్చ ఇక్కడ బావా బావమరుదులను కూడా విడదీయగలదు, అందులోకి వెళ్ళను. ఒక్క మనిషి చుట్టూ కట్టిన పార్టీలో, ఆ మనిషితోనే తగవు వస్తే తీర్చే చోటు ఉండదు. హోటలే గతి.

ఆయన చేసిన పనుల్లో నాకు ఎక్కువ గౌరవం ఉన్నవి కూడా ఆయన ముఖం అక్కరలేనివే. 1984లో కరణం, మునసబుల, తెలంగాణలో పటేల్, పట్వారీల, వంశపారంపర్య పెత్తనం పోయింది. 1985లో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. 1986లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ చట్టాన్ని సవరించారు, 2005లో కేంద్రం దేశమంతటికీ అలాంటి సవరణే చేసింది. ఎన్ని ప్రభుత్వాలు మారినా, 2014లో రాష్ట్రమే రెండైనా, మండలాఫీసు రెండు చోట్లా ఉంది. కాగితం కోసం వెళ్ళిన రైతు ఏ నాయకుడి అభిమాని అన్న ప్రశ్న దాని నిబంధనల్లో లేదు.

మన వేదికల మీదికి ఏదో ఒక పార్టీ నాయకుడు వస్తూనే ఉంటారు. శాలువా కప్పుదాం, మర్యాద మన అలవాటు. ఫోటోల వరుసలో నా వంతు వచ్చినప్పుడు మాత్రం, "మీ పార్టీలో అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీపడి ఓట్లు లెక్కపెట్టింది ఎప్పుడండీ?" అని అడగబోతున్నాను. కార్యవర్గం వారికి ముందుగానే చెప్పి ఉంచుతున్నాను.