చీర కట్టుకోవడానికి ఇరవై నిమిషాలు

నాలుగేళ్ల క్రితం హైదరాబాదు శివార్లలోని ఒక వృద్ధాశ్రమాన్ని చూసి వచ్చి, "సంరక్షణ సంతృప్తికరం" అని నివేదిక రాశాను. నేల శుభ్రంగా ఉంది. దుప్పట్లు ఉతికి ఉన్నాయి. వేళకి భోజనం, నెలకోసారి డాక్టరు. నలభై మంది స్త్రీలు. అందరూ నైటీల్లోనే ఉన్నారు, అందరి జుట్టూ కురచగా కత్తిరించి ఉంది. ఈ చివరి రెండూ చూశాను గానీ, రాయదగిన విషయాలని నాకు తోచలేదు.

మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా చీరెలు ఇప్పియ్యవా బిడ్డా, పెట్టెల పెట్టి తాళమేసిన్రు" అంది. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. చీర తనే కట్టుకోగలదు. కాకపోతే ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య గోడ పట్టుకుని ఆగాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. నైటీ అయితే రెండు నిమిషాల పని.

మేనేజరుని అడిగాను. ఆయన విసుక్కోలేదు. "కుచ్చిళ్లు కాళ్లకి తగులుకుని పడితే బాధ్యత ఎవరిది మేడమ్?" అన్నాడు. గేటుకి తాళం ఎందుకన్నా, సెల్‌ఫోన్లు ఆఫీసు గదిలో ఎందుకన్నా అదే జవాబు: భద్రత. ఈ మాట మనకి కొత్త కాదు. ఆడపిల్లని పైచదువుకి పంపననప్పుడూ, హాస్టలు గేటు ఆరింటికే మూసినప్పుడూ ఇదే చెప్పారు. ఒక చీర బయటికి తీయించి, ఆవిడ కట్టుకునేదాకా నేను పక్కన నిలబడ్డాను. మర్నాడు ఎవరు నిలబడతారు?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినవి డయపర్లు. చీకటి పడగానే, లేచి నడవగలిగిన వాళ్లకి కూడా వేసేస్తారు. రాత్రి నలభై మందికీ ఒకే ఆయా. ఎవరినీ లేవనివ్వకపోతే పనులు సాగుతాయి. కానీ ముసలి వయసులో కదలకుండా పడుకుంటే కాళ్లలో సత్తువ చాలా త్వరగా పోతుంది. మూత్రం ఆపుకునే పట్టు తప్పుతుంది. తడిలో పడుకుని ఒంటిమీద పుండ్లు పడతాయి. కొన్నాళ్లకి రిజిస్టరులో ఆవిడ పేరు పక్కన "మంచాన పడినవారు" అని రాస్తారు. మంచాన పడేసింది ఎవరో రాయడానికి అందులో గడి లేదు.

ఆయాని తప్పుపట్టడం తేలిక. ఆమెది పన్నెండు గంటల డ్యూటీ, సెలవు పెడితే జీతం కోత. "వాళ్లమీద నాకేం కోపం అక్కా, ఉన్నయి రెండే చేతులు" అంది. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని ఇన్నేళ్లుగా వాదిస్తున్న మనం, అదే చాకిరీ ఆశ్రమం గడప దాటాక లెక్కపెట్టడం మానేశామనిపిస్తుంది. ఒక వృద్ధురాలు తన కాళ్లమీద తను బాత్రూముకి వెళ్లాలంటే మరో స్త్రీ సమయం కావాలి. ఆ సమయానికి డబ్బు పెట్టేవాళ్లు లేనంతకాలం ఒకరికి డయపరు, ఇంకొకరికి నడుంనొప్పి.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తీసి చూడండి. పిల్లలు ఇవ్వాల్సిన భరణం గురించే ఎక్కువ చెబుతుంది. 19వ సెక్షన్ ప్రకారం, 150 మంది నిరుపేద వృద్ధులకి చోటుండే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒకటి చొప్పున ఏర్పాటు "చేయవచ్చు". చేసి తీరాలని లేదు. అందులో ప్రమాణాలెలా ఉండాలన్నదీ రాష్ట్రాల ఇష్టమే. ఆదరిస్తారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకునే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. రాసివ్వడానికి మన స్త్రీలలో ఎందరి పేర ఆస్తి ఉంది? 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు, వారిలో స్త్రీలే ఎక్కువ.

ఐక్యరాజ్యసమితి 1991లో ఆమోదించిన వృద్ధుల సూత్రాల్లో మొదటి శీర్షికే స్వాతంత్ర్యం. ఆశ్రమంలో ఉన్నవారికి కూడా తమ సంరక్షణ గురించీ, తమ బతుకు ఎలా ఉండాలన్నదాని గురించీ నిర్ణయించుకునే హక్కుందని అవి స్పష్టంగా చెబుతాయి. నా పాత తనిఖీ ఫారంలో మంచాలెన్ని, మరుగుదొడ్లెన్ని అని ఉంది. అక్కడ ఉంటున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు.

ఆ నివేదికను సవరిస్తూ సంబంధిత అధికారులకి ఉత్తరం రాశాను. ఫారం కూడా మార్చాను. రాత్రిపూట ఎందరికి ఒక ఆయా? ఆమె జీతమెంత? మీ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంది? జుట్టు కత్తిరించేముందు మిమ్మల్ని అడిగారా? గేటు దాటి చివరిసారి ఎప్పుడు వెళ్లారు? మీ ఊరికి దగ్గర్లో ఉన్న ఆశ్రమానికి వెళ్లి, మేనేజరు పక్కన లేనప్పుడు వీటిని అడగండి. ఆయాలతో కూడా కూర్చుని మాట్లాడండి. వచ్చిన జవాబులు వచ్చే సంచికలోగా మాకు రాసి పంపండి.