తెర ఊరందరికీ కనపడాలి

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల రైతాంగానికి నిమ్జ్ భూసేకరణ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. సర్వే నంబర్లు, పటాలు, నోటిఫికేషన్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటున్నాయి. ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురు మూగితే వెనక ఉన్న నలభై మందికి చెప్పుడు మాటలే దిక్కు. తన భూమి ఎన్ని గుంటలు పోతుందో రైతు తన కళ్లతో చూడాలి.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలి, వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. అభ్యంతరాలను 60 రోజుల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ గడువు పుకార్లతో గడిస్తే నష్టపోయేది మనమే.

అందుకే గ్రామ కమిటీలను కోరుతున్నాం: సమావేశంలో టీవీ పెట్టండి. ఒక హెచ్‌డీఎంఐ వైరు చాలు. ఒక కొస ల్యాప్‌టాప్‌కు, రెండో కొస టీవీకి పెట్టి, రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ ఎంచుకోవాలి. బొమ్మ రాకపోతే ల్యాప్‌టాప్‌లో విండోస్, పి బటన్లు కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. ట్యాబ్‌కు టైప్-సి అడాప్టర్ కావాలి. అది అన్ని ట్యాబ్‌లకూ పనిచేయదు, ముందురోజే చూసుకోండి. కాగితాలు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకున్నా సభ ఆగదు. ఆధార్, బ్యాంకు వివరాలు మాత్రం తెర మీదికి రానివ్వొద్దు.

యంత్రాలు మనకు కొత్త కాదు. మన మండలంలోని మాచునూరులో దళిత మహిళలు 2008లోనే సంఘం రేడియో మొదలుపెట్టారు. వైరు కలపడం అంతకన్నా కష్టమా? ఊరంతా కలిసి చూద్దాం. ఎవరి భూమికి వారు, గడువులోపే అభ్యంతరం రాద్దాం.