బైబిలులో దాచిన కాగితాలు



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు మేము తరచు చూచే సంగతి ఇది. ఇంట్లో విలువైన కాగితమేదైనా బైబిలులోనే ఉంటుంది. పెండ్లి శుభలేఖ, బాప్తిస్మపు సర్టిఫికెట్టు, గల్ఫునుండి అన్న వ్రాసిన ఉత్తరము, ఆఖరికి రేషను కార్డు కూడ! గ్రంథము ఉబ్బి కుట్టు విడిపోతుంది. అంతకన్న పెద్ద నష్టము ఇంకొకటి. ఆ ఫోటోలోని వారెవరని అడిగితే, "మా అమ్మమ్మకు తెలుసునండి" అంటారు. అమ్మమ్మగారు ప్రభువునందు నిద్రించి ఎన్నేండ్లో అయినది.

యోర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లు నిలువబెట్టించినప్పుడు, పిల్లలు అడిగితే ఏమి చెప్పవలెనో కూడ చెప్పెను (యెహోషువ 4). చెప్పేవారు లేకుంటే అవి వట్టి రాళ్లే.

కనుక ఒక జ్ఞాపకాల పుస్తకము ఇంట్లోనే కుట్టుకొనండి. మందపాటి తెల్లకాగితాలు ఎనిమిది మధ్యకు మడిచి, మడత మీద మూడు బెజ్జాలు చేసి, మైనము రాచిన నూలుదారముతో కుట్టితే చాలును. అట్టకు అమ్మ పాత చీర ముక్క అంటించండి, అదియు జ్ఞాపకమే. లోపల కాగితాలు చేరేకొద్ది పుస్తకము ఉబ్బుతుంది గనుక, వ్రేలెడు వెడల్పు పట్టీలు కొన్ని మడతలో కలిపి కుట్టండి.

పుస్తకము పాతదిగా కనబడవలెనని మన యౌవనస్థులు కాగితాలను టీ డికాషనులో ముంచుతున్నారు. ముచ్చటగానే ఉంటుంది గాని, టీలోని ఆమ్లము కాగితాన్ని పెళుసు చేస్తుంది. పాతదనము దానంతటదే వస్తుంది, తొందరెందుకు? సెల్లో టేపు పచ్చని మరక వదలుతుంది. గుండుసూది వానాకాలపు తేమకు త్రుప్పు పడుతుంది. లామినేషను చేయిస్తే మరల విడదీయలేము. ఉత్తరాన్ని అంటించక, కాగితముతో మూలలు చేసి వాటిలో దోపండి. బిడ్డ కడుపులో ఉండగా తీసిన స్కానింగు బొమ్మ నున్నని కాగితము మీద వస్తుంది, అది కొన్నేండ్లకే వెలిసిపోతుంది. ఇప్పుడే జిరాక్సు తీయించండి.

టెలిగ్రాములు 2013లో ఆగిపోయినవి. మీ యింట ఒకటున్నదా? అందులో నాలుగు మాటలే ఉంటాయి. అది అందిన రాత్రి ఇంట్లో ఏమి జరిగినదో ప్రక్కన వ్రాయండి.

పసితనములోనే పోయిన బిడ్డకు చాలా ఇండ్లలో ఫోటో ఉండదు, ఒక చిన్న చొక్కాయే ఉంటుంది. తల్లి దానిని పెట్టె అడుగున దాచి ఎవరికీ చూపదు. ఆమె ఇష్టపడితే ఆ బిడ్డకు ఒక పేజీ ఇవ్వండి. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరము వ్రాయండి.

చదువురాని అవ్వ చెప్పగా మనుమరాలు వ్రాయవచ్చును. ఆమె మాటలను దిద్దవద్దు. ఈ ఆదివారము ఆరాధన తరువాత ఆమె దగ్గర కూర్చోండి. ఫోటోలన్నీ ఒక్కసారే ముందు పెట్టకండి, మొదట నాలుగు చాలును.